షిఫ్టుకొక మంచం: కోసాడ్ నుంచి భూవినియోగ నిబంధనల గురించి కొన్ని మాటలు

(సూరత్ నగరంలోని కోసాడ్‌లో జరిగిన విద్యార్థుల అధ్యయన సమావేశంలో తెలుగులో చేసిన ప్రసంగ పాఠం)



భూవినియోగ నిబంధనల మీద, స్వల్పకాలిక అద్దెల మీద మాట్లాడమని పిలిచారు. ఈ మాటలు వినగానే మన విద్యార్థుల్లో చాలామందికి ఇది ఆర్కిటెక్టుల గొడవ, మనకెందుకు అనిపిస్తుంది. నాకూ ఒకప్పుడు అట్లే అనిపించేది. కానీ నేను పెరిగింది ఈ కోసాడ్ ఆవాస్ బ్లాకుల్లోనే. ఇక్కడ పెరిగినవాళ్లకు ఆ నిబంధనలు పుస్తకంలో కాదు, తలుపు దగ్గర ఎదురవుతాయి. అందుకే తలుపు దగ్గరి నుంచే మొదలుపెడతాను.

మాది నల్లగొండ జిల్లా, మాదిగ వాడ. మా నాయన మరమగ్గం పని కోసం సూరత్ వచ్చాడు. నేను పుట్టేసరికి లింబాయత్‌లో ఒక గదిలో అద్దెకుండేవాళ్లం. ఇంటి యజమాని తెలుగాయనే. గది చూడబోయినప్పుడు ఆయన మొదట అడిగింది అడ్వాన్సు గురించి కాదు, "మీ ఇంటిపేరేంది?" అని. మా ఇంటిపేరు నాలుగు కులాల్లో ఉంటది. అదే మాకు మూడు నెలలు నీడనిచ్చింది. ఊరి నుంచి వచ్చిన చుట్టమొకాయన అరుగు మీద కూర్చొని మాట్లాడిన నాడు ఆ నీడ పోయింది. యజమాని ఒక్క మాట కులం గురించి అనలేదు. "వచ్చే నెల మా బావమరిది వస్తున్నాడు, గది కావాలె" అన్నాడు. ఆ బావమరిది ఎన్నడూ రాలేదు. ఆ గదిలోకి ఇంకో తెలుగు కుటుంబం వచ్చింది.

తర్వాత మేం ఖాడీ గట్టున గుడిసె వేసుకున్నాం. గుడిసె తీసేసినప్పుడు, కొన్నేళ్లకు, ఇక్కడ రెండు చిన్న గదుల ఫ్లాటు వచ్చింది. మా అమ్మ ఆ రోజు గోడలను చేత్తో తడిమి చూసుకుంది. ఆ సంతోషాన్ని నేను చిన్నది చేసి చెప్పను. సొంత తలుపు, సొంత నల్లా అంటే ఏమిటో లేనివాళ్లకే తెలుస్తుంది.

కానీ నాయన మగ్గం ఉధ్నాలో ఉంది. ఇక్కడి నుంచి తాపీ నది దాటి, నగరం దాటి పోవాలి. 12 గంటల షిఫ్టు, దాని మీద రానూపోనూ ప్రయాణం. ఏడాది తిరగకముందే నాయన మగ్గం పక్కనే ఒక మంచం అద్దెకు తీసుకున్నాడు. మంచమంటే మంచం కూడా కాదు, నేల మీద ఒక పక్క. పగటి షిఫ్టు మనిషి రాత్రి దాని మీద పడుకుంటాడు, రాత్రి షిఫ్టు మనిషి పగలు పడుకుంటాడు. ఆ పక్క అద్దె, ఇక్కడి ఇంటి ఖర్చు రెండూ కట్టలేక, మా రెండు గదుల్లో ఒకదాన్ని ఒక ఒడియా జంటకు ఇచ్చాం. ఇట్లాంటి ఇళ్లను అద్దెకివ్వకూడదన్నది షరతు. అందుకని మా అమ్మ ఆ అక్కకు నేర్పిన మొదటి తెలుగు మాట "చిన్నమ్మ". ఎవరైనా తనిఖీకొచ్చి అడిగితే, "నేను ఈమె అక్క కూతుర్ని" అని చెప్పాలి. తెలుగు ముక్క రాని మనిషి మా పెద్దమ్మ కూతురైంది!

మేం చాలా ఏళ్లు దీన్ని తలుచుకొని నవ్వుకున్నాం. నేను ఎం.ఏ.లో చేరాక, బాబాసాహెబ్ బరోడా అనుభవాన్ని ఆయన మాటల్లోనే చదివిన రోజు ఆ నవ్వు ఆగిపోయింది.

ఆ సంగతి మీలో చాలామందికి తెలుసు. 1917లో ఆయన కొలంబియాలో, లండన్‌లో చదివి, గైక్వాడ్ విద్యార్థి వేతనం షరతు ప్రకారం కొలువు చేయడానికి బరోడా వచ్చారు. అంటే ఈ గుజరాత్‌కే, ఈ రైలు దారిలోనే. హిందూ హోటళ్లు ఆయనకు గది ఇవ్వవు. ఒక పార్సీ సత్రానికి పోయారు. అది పార్సీలకు మాత్రమే. రోజుకు రూపాయిన్నర ఇచ్చేటట్టు, రిజిస్టరులో పార్సీ పేరు రాసుకొనేటట్టు ఒప్పందం కుదిరింది. పదకొండో రోజు కర్రలు పట్టుకొని ఒక గుంపు వచ్చి సాయంత్రానికి ఖాళీ చేయమంది. ఇద్దరు స్నేహితులను అడిగారు, ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఇద్దరి ఇంట్లోనూ చోటు దొరకలేదు. రాత్రి రైలు దాకా ఒక తోటలో కూర్చొని బొంబాయి వెళ్లిపోయారు.

మనం ఈ సంఘటనను అంటరానితనం గురించి చెప్పడానికి వాడతాం. అది సరైనదే. ఈరోజు దాన్నే ఇంకో వైపు నుంచి చూడమంటాను. అది ఒక స్వల్పకాలిక అద్దె. రోజువారీ కిరాయి, ఒక గది, ఒక రిజిస్టరు, ఎవరికి ఇవ్వాలో చెప్పే ఒక నిబంధన. ఆ నిబంధన కింద తల దాచుకోవాలంటే పేరు మార్చుకోక తప్పలేదు. మా ఇంట్లో ఒడియా అక్క చుట్టరికం మార్చుకుంది. లింబాయత్‌లో మా నాయన ఇంటిపేరు వెనుక దాక్కున్నాడు. ఈ ముగ్గురి అవమానం ఒక్కటే అని నేననడం లేదు. కానీ మూడు చోట్లా అద్దెకుండే మనిషి అబద్ధం చెబితే తప్ప నిలవలేని పరిస్థితి ఉంది. ఏ నిబంధననైనా కొలవడానికి నేను వాడే కొలబద్ద ఇదే. అద్దెకుండే మనిషి తన పేరు, తన ఊరు, తన పని నిజంగా చెప్పి బతకగలడా?

ఇప్పుడు ప్రపంచంలో స్వల్పకాలిక అద్దె అనగానే ఎయిర్‌బీఎన్‌బీ గుర్తొస్తుంది. న్యూయార్క్ నగరం 2023 సెప్టెంబరు నుంచి, 30 రోజులకు తక్కువ అద్దెకిచ్చేవాళ్లు నమోదు చేసుకోవాలనీ, యజమాని ఇంట్లోనే ఉండాలనీ, ఇద్దరికి మించి అతిథులు ఉండరాదనీ అమలు చేస్తోంది. బార్సిలోనా 2028 నవంబరు నాటికి పది వేలకు పైగా పర్యాటక ఫ్లాట్ల అనుమతులను రద్దు చేస్తామని 2024లో ప్రకటించింది. అక్కడి బాధ నిజమైనదే. ఊరివాళ్లు ఉండాల్సిన ఇళ్లు పర్యాటకులకు పోతున్నాయి, అద్దెలు పెరుగుతున్నాయి.

సూరత్‌లో సంగతి వేరు. 2011 జనగణన నాటికే నగర జనాభా 44 లక్షలు దాటింది. మగ్గాల మీద గంజాం నుంచి వచ్చిన ఒడియా కార్మికులు, తెలంగాణ నుంచి వచ్చిన మనవాళ్లు, ఉత్తరప్రదేశ్, బిహార్ వాళ్లు పనిచేస్తారు. ఇక్కడి నగరపాలక పాఠశాలలు ఏడు భాషల్లో నడుస్తాయి, అందులో తెలుగు ఒకటి. నేను చదివింది అట్లాంటి బడిలోనే. ఇంతమందికి ఈ నగరం ఇచ్చిన స్వల్పకాలిక అద్దె ఏది? వేడ్ రోడ్డు, కతార్‌గామ్, అంజనా వైపు పోయి చూడండి. మెస్ అని పిలిచే పెద్ద గదులు, పక్క పక్కనే పరుచుకున్న చాపలు, షిఫ్టు మారితే మారే మనుషులు. రసీదు లేదు, ఒప్పందం లేదు, చిరునామా రుజువు లేదు. రుజువు లేకపోతే గ్యాస్ నుంచి బ్యాంకు ఖాతా దాకా ప్రతిదానికీ ఇంకొకరిని బతిమాలుకోవాలి. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ ఇదే నగరంలో కార్మికులు "మమ్మల్ని ఇంటికి పంపండి" అంటూ రోడ్ల మీదికి ఎందుకొచ్చారు? షిఫ్టులు ఆగిపోయాయి. రెండు షిఫ్టుల మనుషులు ఒకేసారి ఒకే గదిలో ఉండాల్సి వచ్చింది. ఒక మంచానికి ఇద్దరు మనుషులున్న నగరంలో "ఇంట్లోనే ఉండండి" అంటే ఎవరి ఇంట్లో?

ఆ అనుభవం తర్వాతే 2020 జూలైలో కేంద్రం అందుబాటు అద్దె గృహ సముదాయాల పథకం తెచ్చింది. జేఎన్ఎన్‌యూఆర్ఎం కాలంలో కట్టి ఖాళీగా మిగిలిన ఇళ్లను 25 ఏళ్లపాటు అద్దెకివ్వడం అందులో ఒక పద్ధతి. దేశంలో ముందుగా అట్లా మార్చిన చోట్లలో సూరత్ ఒకటి, 393 ఇళ్లు. 10 చదరపు మీటర్ల దాకా ఉండే డార్మిటరీ పక్కను కూడా ఆ పథకం ఇంటి రకంగా గుర్తించింది. ఇది చిన్న విషయం కాదు. పక్క కూడా ఇల్లేనని ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకుంది. కానీ నగరంలో లక్షల పక్కలుంటే ఆ గుర్తింపు వందల ఇళ్ల దగ్గర ఆగింది. 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం చూద్దామా? హోటలు, లాడ్జి, ధర్మశాల, సత్రం దాని పరిధిలోకి రావని అందులోనే రాసి ఉంది. మెస్ గది ఇల్లు కాదు, పేరుకు లాడ్జి కూడా కాదు. ఇటు చట్టానికీ అటు చట్టానికీ మధ్య సందులో మా నాయన పడుకున్నాడు.

ఇక భూవినియోగం. జోనింగ్ అన్న మాట మనకు కొత్త కావచ్చు, పని కొత్త కాదు. మన ఊళ్ల మొదటి మాస్టర్ ప్లాన్‌ను ఎవరూ కాగితం మీద గీయలేదు. ఊరు ఒక దిక్కు, వాడ ఒక దిక్కు. బావి ఎక్కడ, శ్మశానం ఎక్కడ, గాలి ఎటు వీస్తే ఎవరి గుడిసె ఎటుండాలి, అన్నీ నిర్ణయమై ఉండేవి. అమెరికాలో ఇదే పని చట్టంతో చేశారు. లూయీవిల్ నగరం నల్లవాళ్లు ఏ వీధిలో ఉండాలో ఆర్డినెన్సులో రాసింది. దాన్ని అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది 1917 నవంబరులో. బాబాసాహెబ్‌ను బరోడా సత్రం నుంచి వెళ్లగొట్టిన ఏడాదే. కోర్టు కొట్టేశాక ఏమైంది? అదే పని ప్రైవేటు ఒప్పందాల్లోకి మారింది. ఇల్లు నల్లవాళ్లకు అమ్మమని యజమానులు దస్తావేజుల్లో రాసుకున్నారు. వాటిని కోర్టులు అమలు చేయరాదని 1948లో తీర్పు రావాల్సి వచ్చింది, ఇంటి విషయంలో వివక్షను నిషేధించే చట్టం రావడానికి 1968 దాకా ఆగాల్సి వచ్చింది.

మన దగ్గర ఇప్పుడు నడుస్తున్నది ఆ రెండో దశ. గుజరాత్‌లోనే తీసుకోండి. అహ్మదాబాద్‌లోని ఒక జొరాస్ట్రియన్ సహకార గృహ సంఘం సభ్యత్వం పార్సీలకే ఇస్తామన్న నియమాన్ని 2005లో మన సుప్రీంకోర్టు సమర్థించింది. సంఘం పెట్టుకునే స్వేచ్ఛ అన్నది. ఒక చిన్న మైనారిటీ తనను తాను నిలబెట్టుకోవాలన్న ఆందోళన నాకు అర్థమవుతుంది. నా గొడవ వాళ్లతో కాదు. అదే తర్కం పెద్ద కులాల సొసైటీలకు గొడుగు అవుతుంది, అక్కడ నా గొడవ. 1991 నాటి అల్లర్ల ప్రాంతాల చట్టం ఇంకొకటి. భయంతో ఇళ్లు అమ్ముకోకుండా కాపాడడానికని వచ్చింది. దాని కింద ఇల్లు చేతులు మారాలంటే కలెక్టర్ అనుమతి కావాలి. సూరత్‌లోనూ కొన్ని ప్రాంతాలు దాని కిందున్నాయి. ఆచరణలో అది ఏ మతం వాళ్లు ఏ వీధిలో ఉండాలో గీసే గీతగా మారిందని ముస్లింలు చాలా కాలంగా చెబుతున్నారు. ఆ గీత మన వాడ గీతకు చుట్టమే.

గుజరాత్ పట్టణ ప్రణాళిక, పట్టణాభివృద్ధి చట్టం 1976లో వచ్చింది. ఇక్కడి పద్ధతిని దేశమంతా మెచ్చుకుంటారు. భూములన్నీ కలిపి, రోడ్లు, తోటలు, ప్రజావసరాల కోసం కొంత తీసుకొని, మిగతాది చక్కటి ప్లాట్లుగా యజమానులకే తిరిగిస్తారు. బలవంతపు సేకరణ కంటే ఇది నయమే, ఒప్పుకుంటాను. కానీ తిరిగి వచ్చేది ఎవరికి? పట్టా ఉన్నవాళ్లకు. దక్షిణ గుజరాత్‌లో పొలాలు దున్నిన హల్పతి ఆదివాసులు తరాల తరబడి హాలీలుగా వెట్టి చేసినవాళ్లు, వాళ్లలో ఎక్కువమందికి భూమి లేదు. పొలం ప్లాటు అయితే యజమాని ధర పెరుగుతుంది, కూలీకి పని పోతుంది. ఆ లెక్కలో కూలీకి గడి లేదు.

అయితే అదే చట్టంలో మనకు పనికొచ్చే ఒక వాక్యం ఉంది. స్కీము విస్తీర్ణంలో దాదాపు 10 శాతం భూమిని సామాజికంగా, ఆర్థికంగా వెనుకబడిన వర్గాల ఇళ్ల కోసం కేటాయించవచ్చని 40వ సెక్షన్ చెబుతుంది. ఆ 10 శాతం ఎక్కడుండాలన్నదే అసలు ప్రశ్న. మగ్గం దగ్గరా, నగరం చివరా? 2006లో హద్దులు పెరిగినప్పుడు కోసాడ్ నగరంలో కలిసింది. ఆ ఏడాది ఆగస్టులోనే తాపీ వరద నగరాన్ని ముంచింది. ఆ తర్వాత నది, ఖాడీల గట్ల మీది బస్తీల్లో చాలామందిని ఇట్లాంటి చోట్లకు పంపారు. ఇల్లు వచ్చింది, పని అక్కడే ఉండిపోయింది. మధ్యలో దూరం మిగిలింది. ఆ దూరానికి మేం కట్టిన ధరే ఆ మంచం అద్దె.

క్షమాపణ సంగతి కూడా చూడండి. అనుమతి లేకుండా కట్టిన భవనాలను రుసుము తీసుకొని క్రమబద్ధం చేయడానికి గుజరాత్ 2022లో చట్టం తెచ్చింది. అంతకు ముందు 2001లో, 2011లో కూడా తెచ్చింది. అదనపు అంతస్తు వేసినవాడికి నిబంధన వంగింది. మరి ఫ్లాటులో చీరలకు రాళ్లు అతికించే మా అమ్మకు, కింది గదిలో కిరాణం పెట్టుకున్న ఒంటరి ఆడమనిషికి? నివాస స్థలంలో వ్యాపారం అంటారు. బస్తీలో ఇల్లు, పని, అంగడి ఒకటే. ఫ్లాటులో వాటిని విడదీసే హక్కు ఎవరిచ్చారు? విడదీస్తే మొదట పోయేది ఆడవాళ్ల సంపాదన.

విమర్శిస్తే సరిపోదు, నిబంధనలు ఎట్లా మార్చాలో చెప్పాలి. నాకు తోచినవి ఐదు.

ఒకటి, ప్రభుత్వ గృహాల్లో ఒక గదిని గానీ, పనికోసం దూరం పోయినప్పుడు ఇంటిని గానీ పరిమిత కాలానికి అద్దెకిచ్చుకోవడాన్ని నేరంగా కాక, నమోదుగా మార్చాలి. దళారులు ఫ్లాట్లు పోగేస్తారని అభ్యంతరం వస్తుంది. అది నిజమైన భయం. కనుక ఒక కుటుంబానికి ఒకే ఇల్లు, అమ్మకం మీద నిషేధం అట్లాగే ఉండాలి, అద్దెకు పరిమితి ఉండాలి. ఇప్పటి దొంగచాటు పద్ధతిలోనే దళారికి లాభం ఎక్కువ. భయపడేవాడి దగ్గరే దళారి బతుకుతాడు.

రెండు, షిఫ్టు పక్కను ఒక నివాస రకంగా స్థానిక నిబంధనల్లో రాయాలి. మనిషికి ఎంత చోటు, ఎన్ని మరుగుదొడ్లు, కిటికీ, నీళ్లు, నిప్పు నుంచి రక్షణ, అన్నీ. కానీ ప్రమాణం రాసి తనిఖీ చేస్తే మెస్‌లు మూతపడి అద్దె ఇంకా పెరగొచ్చు. అందుకే ప్రత్యామ్నాయం చూపించకుండా ఏ గదినీ మూయరాదని అదే నిబంధనలో ఉండాలి. సరిచేసే ఖర్చు యజమానిది, అందులో మగ్గాల యజమానికీ వాటా ఉండాలి. పక్కలో పడుకొనే మనిషిది కాదు.

మూడు, ఇంటి నుంచి చేసే చిన్న పనిని నివాస ప్రాంతాల్లో హక్కుగా అనుమతించాలి. పెద్ద యంత్రాలకు, మంటలు రేగే సరుకుకు హద్దులు పెట్టండి, సూదికీ దారానికీ కాదు.

నాలుగు, అద్దె నమోదు ఎక్కడుంటే అక్కడ కులం, మతం చూసి నిరాకరించరాదన్న షరతు ఉండాలి. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం నాలుగో సెక్షన్ అంటరానితనం పేరుతో ఏ ప్రాంతంలోనైనా నివాసాన్ని అడ్డుకోవడాన్ని నేరమే అన్నది. కానీ "బావమరిది వస్తున్నాడు" అనేవాడిని ఆ సెక్షన్ కింద ఎట్లా పట్టుకుంటాం? రుజువు భారం మన మీదే పడుతుంది. సుఖదేవ్ థోరట్, ఆయన సహ పరిశోధకులు ఢిల్లీ, దాని పక్క నగరాల్లో చేసి 2015లో ప్రచురించిన అధ్యయనం దారి చూపింది. ఒకే రకం ఉద్యోగాలు చెప్పుకొని, వేర్వేరు పేర్లతో ఇళ్లు అడిగితే దళితులకు, ముస్లింలకు ఎట్లా తలుపులు మూసుకుంటాయో చూపించారు. ఇట్లాంటి పరీక్షను నగరపాలక సంస్థలే క్రమంగా చేయించాలి. దొరికిన యజమాని అనుమతి రద్దు చేయాలి. సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధించినప్పుడు ఇంటి విషయాన్ని కూడా అందులో చేర్చింది. సముద్రం అవతల సాధ్యమైంది తాపీ ఒడ్డున ఎందుకు కాదు?

ఐదు, ముసాయిదా స్కీము ప్రకటించాక నెల రోజుల్లో ప్రభావితులెవరైనా అభ్యంతరం రాయవచ్చు. అద్దెకుండేవాడూ ప్రభావితుడే అని స్పష్టంగా చెప్పాలి. ఏడు భాషల్లో బడులు నడపగలిగిన నగరం నోటీసును కూడా ఏడు భాషల్లో అంటించగలదు.

ఇక్కడ చదువుకున్న విద్యార్థులకు ఒక పని చెబుతాను. ఈసారి నోటీసు వచ్చినప్పుడు మన బ్లాకుల్లో తిరిగి తెలుగులో, ఒడియాలో చదివి వినిపిద్దాం. అభ్యంతరాలు మనమే రాసిపెడదాం. పరిశోధన అంటే అది కూడా.

మనలో మనం ఒక మాట. లింబాయత్‌లో మమ్మల్ని ఖాళీ చేయించింది గుజరాతీ కాదు, పరాయి భాష మనిషి కాదు. బతుకమ్మ నాడు మాతో కలిసి ఆడిన ఇంటివాళ్లే. వాళ్లూ వలస వచ్చినవాళ్లే, మగ్గం మీద నడుం విరిగినవాళ్లే. బహుజన ఐక్యత గురించి వేదిక మీద చెప్పడం తేలిక. ఇంటి తాళంచెవి చేతిలో ఉన్నప్పుడు "మీ ఇంటిపేరేంది?" అని అడగకుండా ఉండడం కష్టం. మీలో కొందరికి రేపు ఫ్లాట్లుంటాయి, హైదరాబాదులో గదులుంటాయి. ఆ రోజు ఈ ప్రశ్న మీ నోట రాకూడదు.

మా నాయన ఇప్పుడు మగ్గం మానేశాడు. ఇక్కడే ఉంటున్నాడు. ఆ ఒడియా జంట వాళ్ల ఊరికి వెళ్లిపోయింది. పండగకు ఆ అక్క ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. మా అమ్మను "చిన్నమ్మా" అనే పిలుస్తుంది. తనిఖీ కోసం నేర్చుకున్న మాట నిజమైన చుట్టరికమై మిగిలింది. ఆమె ఆ మాట అనడానికి భయం అక్కర్లేని నిబంధన కావాలి. నేను అడిగేది అంతే.

జై భీమ్.